బజ్జీల పొయ్యి ముందర శామ్యూల్ ఫోకస్ సమరము

ఆదోని కొండరాళ్లపై బాలభానుని అరుణకిరణములు పరచుకొనుచుండగా, పత్తిబేళ్ల లారీలు మత్తగజములవలె ఘీంకరించుచు మార్కెట్ యార్డు దిక్కునకు కదలుచుండగా, ఇంటింటి బొరుగుల ఉగ్గాని తాలింపు ఘుమఘుమలు దిగంతములను ముట్టడించుచుండగా, ఒక వంటింటి గడపలో చెలరేగిన మహాసంగ్రామమును చెప్పెద, చెవియొగ్గుడు!

వేయి పెండ్లిండ్ల విజేత, ఫొటోగ్రాఫర్ల శిరోమణి శామ్యూల్ ఆ యుదయమున ఘోరావమానముతో కుమిలిపోవుచుండెను. ఏలయన, అతని ఇల్లాలు ప్రేమలత, పొదుపు సంఘం కార్డుకు ఫొటో కావలసివచ్చి, మగనిని అడిగి అడిగి విసిగి, ఎమ్మిగనూరు పోయి బజారు స్టూడియోలో ఫొటో దిగివచ్చెను!

“ఊర్లో అందరినీ తీస్తావు. నన్ను తీసేకి నీకు తీరిక యాడుంది?” అని ఆమె ఉల్లిగడ్డలు తరుగుచు పలికిన పలుకు శతఘ్నివలె అతని గుండెను తాకెను.

“ప్రియసతీ! నేడు నీ ముఖారవిందమును బంధింపనిచో ఈ కెమెరాను మరల తాకను!”

“అట్లనే కానీ. ముందు బజ్జీలు ఎయ్యనీ.”

అయ్యో, అతని ఆటోఫోకస్ లెన్సు రిపేరుకు కర్నూలు పోయియుండెను! అయినను వీరుడు వెనుదీయక, మూతబడిన స్టూడియోవారు ఇచ్చిపోయిన రీలు కెమెరా కాలపు లోహదేహ లెన్సును వెలికిదీసి, నడుమ అడాప్టర్ రింగు బిగించి, క్రొత్త డిజిటల్ కెమెరాకు తగిలించెను. కెమెరా నిర్లజ్జగా ‘లెన్సు లేదు’ అని తెరపై ప్రకటించెను.

“కన్నుల యెదుట కొండవలె నిలిచినదానిని లేదందువా, కృతఘ్నా!” అని గర్జించి, శామ్యూల్ మెనూల చక్రవ్యూహమును ఛేదించి, ‘లెన్సు లేకున్నను ఫొటో తీయుము’ అను ఆజ్ఞను వెదకిపట్టెను.

అది తొలి కయ్యమే. ఆ వృద్ధ లెన్సు తనంతట చూపు నిలుపదు. రింగును చేతితోనే త్రిప్పవలె. వెంట్రుకవాసి తప్పిన సర్వమును మంచు! అతడు త్రిప్పునంతలో ఆమె నూనెకై వంగును, మరల త్రిప్పునంతలో ఉప్పుడబ్బాకై చేయి చాచును.

“కదలకు!”

“కదలకుంటే బజ్జి మాడిపోతాదప్పా!”

తుట్టతుదకు ఒక చిత్రము స్ఫుటముగా పడెను. అందు మిరపకాయ బజ్జి మీది ప్రతి బుడగయు దేదీప్యమానము, వెనుక ప్రేమలత పొగమబ్బు.

ఆమె తెర చూచి, “బజ్జి బాగ వచ్చినాది. దాన్నే పెండ్లి సేసుకోకపోయినావా?” అనెను.

సిగ్గుతో క్రుంగి, వీరుడు తెరపై ఆమె మోమును పెద్దది చేసి రింగును మెల్లమెల్లగా త్రిప్పసాగెను. మంచు తొలగినది. కంటి క్రింద చిన్న కాలిన మచ్చ! చేయి ఆగిపోయెను. వీరభాష యెల్ల ఎటో పారిపోయెను.

“ఇది ఎప్పుడైంది లతా?”

“నూనె చిందినాది. శానా దినాలైంది. నువ్వు పెండ్లికి హొళగుంద పోయింటివి.”

ఎన్నడును నిలువని ఆమె, గరిటె దింపి, అతనినే చూచుచు నిలిచెను. క్లిక్!

ఆమె వచ్చి తెరపై ఫొటో చూచెను. “ముక్కు యాడ పోయినాదప్పా?”

“మసకైంది. మళ్లీ తీస్తా.”

“వద్దులే. కన్ను మాత్రం నాదే. నా ఫోన్‌కు పంపు.”

పడమటి సీమ ప్రజలారా, జయభేరి మ్రోగింపుడు! రెప్పవెంట్రుకలతో సహా ఒక ఎడమకన్ను సంపూర్ణముగా ఫోకసున చిక్కినది! కుడికన్ను మాత్రము ఇంకను స్వతంత్ర రాజ్యమే.