మర్చిపోతే బతికే మొక్క

లోకంలో ఇన్నాళ్ళూ జరిగిన అనర్థాలన్నిటికీ మూలం పట్టించుకోవడమే! నవ్వకండి. పదో తరగతి గట్టెక్కినదాన్ని, నాకు తెలిసినంతలోనే చెబుతున్నాను. పట్టించుకోవడం మానేస్తే సగం రోగాలు, ముప్పాతిక గొడవలు వాటంతటవే పోతాయి. నమ్మకం లేకపోతే మీ ఇంట్లోవాళ్ళని అడగండి. నేనైతే మా ఇంట్లోవాళ్ళు చెబితేనే తెలుసుకున్నాను.

మా అమ్మాయి కళ్ళద్దాల షాపులో పని చేస్తుంది. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి చూపు పరీక్ష చేస్తుంది. ఒకరోజు ఇంటికొస్తూనే హ్యాండ్‌బ్యాగ్ సోఫాలో విసిరింది.

"కస్టమర్‌తో కింది లైన్ చదవండి అంటున్నానా, నీ ఫోన్! గొడుగు తీసుకెళ్ళావా అని! మళ్ళీ చదవండి అన్నానా, మళ్ళీ నీ ఫోన్! దగ్గు తగ్గిందా అని! ఆయన అక్షరాలు మానేసి నా దగ్గు సంగతి అడిగాడమ్మా! నావల్ల కాదు. షాపు దగ్గరే రూమ్ చూసుకుంటాను."

రూమంటే మాటలా? గ్యాస్ ఆపడం మర్చిపోతే? జ్వరమొచ్చి తలుపు తీయలేకపోతే? లోపల గడియ బిగుసుకుపోతే?

"వద్దే తల్లీ, ఏం చేయమంటే అది చేస్తాను" అన్నాను.

"సరే. ఒక మొక్క కొనుక్కో. రెండు నెలలు దాన్ని చంపకుండా పెంచు. రూమ్ మాట ఎత్తను" అంది.

ఇంతేనా! ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్ని, ఒక మొక్కని పెంచలేనా?

నర్సరీ అతను కత్తుల్లాంటి ఆకులున్న కుండీ ఒకటి తెచ్చి ముందు పెట్టాడు. పేరు స్నేక్ ప్లాంట్ అట. పేరు వినగానే రెండడుగులు వెనక్కి వేశాను.

"కొత్తవాళ్ళకి ఇదే కరెక్టమ్మా. లో మెయింటెనెన్స్! మర్చిపోతే బతుకుతుంది, గుర్తుపెట్టుకుంటే చచ్చిపోతుంది" అన్నాడు.

ఎంత గొప్ప మాట! గోడకి రాసి పెట్టుకోవద్దూ? నీళ్ళడగదు, ఎండడగదు, ఎరువడగదు, ఎక్కడికెళ్ళావని అడగదు. కాబట్టి కొత్తగా మొక్కలు పెంచే సోదరీమణులారా, నా సలహా వినండి. గులాబీ జోలికి పోకండి. దానికి ఆకలీ దప్పికా ఉంటాయి, అలకలుంటాయి. ఈ కాలానికి అలాంటివి పనికిరావు. మూల పడేస్తే మూలనుండేదే మేలిరకం మొక్క. మనుషుల్లో కూడా ఈ రకం దొరికితే ఇంకా మేలు!

ఇక నా అనుభవం చెబుతాను.

మొదటి రోజు దాన్ని కుండీతో సహా మర్చిపోయాను. అంటే గంటకోసారి వెళ్ళి మర్చిపోయానో లేదో చూసుకొచ్చాను. రెండోరోజు అనుమానమొచ్చింది. నోరు లేని ప్రాణి కదా, దాహమేస్తే ఎవరికి చెప్పుకుంటుంది? మట్టిలో వేలు పెట్టి చూడాలని ఫోన్‌లో ఎవరో చెప్పారు. పెట్టాను. పొద్దునా, మధ్యాహ్నం, సాయంత్రం, జ్వరం చూసినట్టు చూశాను. పొడిగా అనిపించినప్పుడల్లా రెండు చెంచాలు పోశాను. కుళాయి నీళ్ళు కాదు సుమండీ! కాచి చల్లార్చినవి. మా పిల్లలకి పట్టినట్టే. చల్లగాలి వేసిన రోజు నా పాత శాలువా కూడా కప్పాను.

"దాన్ని బతకనివ్వవే బాబూ!" అన్నారు మా ఆయన, పేపరు లోంచి తల ఎత్తకుండానే.

పన్నెండోరోజు ఆకులు పక్కకి వాలాయి. సర్దుదామని పట్టుకుంటే మొక్క మొత్తం చేతిలోకి వచ్చేసింది. వేళ్ళు లేవు. కింద అంతా కుళ్ళి మెత్తటి ముద్ద. కుండీ పక్కన చతికిలబడి, మనిషి పోయినట్టే ఏడ్చాను. మొక్క కోసం కాదని మీకు వేరే చెప్పాలా?

తర్వాత లేచి మొహం కడుక్కుని, వీధి చివర ప్లాస్టిక్ సామాన్ల షాపుకి వెళ్ళాను.

అదే ఆకు, అదే పచ్చదనం, అంచున అదే పసుపు చార! అదే కుండీలో, అదే మట్టిలో గుచ్చాను. చెల్లెళ్ళారా, లో మెయింటెనెన్స్‌లో ఇదే శిఖరం! కాచిన నీళ్ళు కాదు కదా, కన్నీళ్ళు కూడా ఖర్చు లేదు.

వారం పోయాక మా ఆయన దాని పక్కన నిలబడి కాఫీ తాగుతూ, "కొత్త ఆకు వేసినట్టుందే!" అన్నారు.

రెండు నెలలు నిండిన రోజు అమ్మాయి గుమ్మంలో నుంచే ఫోటో తీసింది. "చూశావా అమ్మా, వదిలేస్తే ఎంత బాగా పెరిగిందో! నువ్వు నిజంగా మారావు!" అని ఫోటో స్టేటస్‌లో పెట్టింది. దాని స్నేహితురాళ్ళు నలభైమంది మెచ్చుకున్నారు. ఒకమ్మాయి ఏ ఎరువు వేశారాంటీ అని నాకే మెసేజ్ పెట్టింది!

రూమ్ మాట పోయింది. నేనూ షాపుకి ఫోన్ చేయడం మానేశాను. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందనుకున్నారు! అమ్మాయి వస్తుంది, కుండీ పక్కన చెప్పులు విప్పుతుంది, ఫోన్ చూసుకుంటూ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది. ఇంట్లోనే ఉంది. ఇంతకన్నా ఏం కావాలి?

అది చెప్పులు విప్పుతున్నంతసేపూ నా ప్రాణం నా దగ్గరుండదు. చెయ్యి తగిలిందంటే ప్లాస్టికని తెలిసిపోతుంది, సాయంత్రానికల్లా పెట్టె సర్దేస్తుంది. తగలకూడదు దేవుడా అని మొదట్లో రోజూ దండం పెట్టుకునేదాన్ని.

దేవుడు నా మొర విన్నాడు. నాలుగు నెలలైంది, ఒక్కసారి కూడా తగల్లేదు. ఇప్పుడు ఆయనకి ఏమని దండం పెట్టుకోవాలో తెలియక, ఊరికే చేతులు జోడించి నిలబడుతున్నాను.