దించిన దీపం, కట్టిన నిచ్చెన

వంటింటి దూలానికి వేలాడే దీపాన్ని దించితే, ఆనాడు పొద్దు గూకేలోగా ఆ ఇంట్లో ఏడుపు వినబడుతుందని సూర్యాపేటలో చాలామంది నమ్మేవారు. ఎవరు దించితే ఎవరింట్లో వినబడిందో మాత్రం ఒక్కరూ చెప్పలేకపోయేవారు. బడిపంతులు పర్వతాలుకు ఈ రెండో సంగతే ముఖ్యంగా తోచింది.

1949 వేసవిలో ఒక ఆదివారం ఉదయం ఆయన ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టాడు. వంటింట్లో నలభై ఏళ్లుగా వేలాడుతున్న ఇనుప ఆముదపు దీపం వెలుగు కంటే మసి ఎక్కువ ఇచ్చేది. దాని పొగకు భార్య వెంకటనర్సమ్మ కళ్లు ఏడాదిగా ఎర్రబడే ఉన్నాయి. మందు సంగతి తరువాత, ముందు దీపం మార్చమని దవాఖానలో చెప్పారు. పర్వతాలు కోదాడ వెళ్లి, తెల్ల పింగాణీ గొడుగున్న కిరసనాయిలు దీపాన్ని కొని, దాని గాజు చిమ్నీని బస్సులో దారిపొడవునా పసిపిల్లలా ఒళ్లో పెట్టుకొని తెచ్చాడు.

తల్లి సత్తమ్మ అడ్డుపడింది.

"అది మీ నాయిన కట్టిన దీపం. దించితే ఇంట్ల ఏడుపు ఇనవడ్తది కొడుకా."

"ఇనవడకపోతే?"

"నీ కొత్త దీపం జోలికి మల్ల రాను. ఇనవడితే పాతదే ఎక్కాలె. నువ్వు ఇగ నోరెత్తొద్దు."

"ఒప్పుకున్న" అన్నాడు పర్వతాలు.

సత్తమ్మ అన్నం ముట్టనని చెప్పి, అరుగు మీద చాప పరుచుకొని, ముఖం మీదుగా తెల్ల దుప్పటి కప్పుకొని పడుకుంది.

పని పావుగంటదని పంతులు అంచనా. ముక్కాలి పీట ఎక్కి పాత దీపం తీశాడు. కొత్తదాని బరువుకు పాత కొక్కెం ఆగుతుందో లేదో చూద్దామని గట్టిగా ఒక గుంజు గుంజాడు. ఆగలేదు. కొక్కెంతో పాటు మిద్దె మట్టి తట్టెడు ఊడిపడింది. పొయ్యి రెండుగా పగిలింది, పీట కాలు విరిగింది, పంతులు కింద కూర్చున్నాడు.

"పావుగంటంటివి" అన్నది వెంకటనర్సమ్మ, కళ్లలో పడ్డ దుమ్మును కొంగుతో తుడుచుకుంటూ. "మంచిగ సూడు. ఇగ పొయ్యి మెత్తి ఆరేదాంక వంట లేదు. నీ శాస్త్రమే వడ్డిస్త, తిను."

మట్టి పడిన కుండలూ చట్లూ వాకిట్లోకి చేరాయి. ఎక్కడానికి పీట లేదు గనుక పర్వతాలు వడ్రంగి దుర్గయ్యను పిలిపించి నిచ్చెన కట్టమన్నాడు.

"నిచ్చెనే గద పంతులూ. రెండు వెదుర్లు, నడుమ అడ్డబద్దలు. ఎంత సేపు?"

"జర గట్టిగ కట్టు. మనిషిని మొయ్యాలె" అని చెప్పి పర్వతాలు కొత్త కొక్కెం కోసం కొలిమికి వెళ్లాడు. కమ్మరి ఆత్మకూరు పోయాడన్నారు. ఆయన వచ్చేదాకా, చెమటలు కక్కుతూ, పంతులు అక్కడే కూర్చున్నాడు.

ఆలోగా ఇంటి దగ్గర జరిగినదాన్ని పంతులు తరువాత నలుగురిని విడివిడిగా అడిగి తేల్చుకున్నాడు. పక్కింటి లచ్చమ్మ రోజూలాగే పిడక పట్టుకొని నిప్పుకోసం వచ్చింది. వాకిట్లో కుండలు. వాటి పక్కన వెదుర్లకు అడ్డబద్దలు కడుతున్న దుర్గయ్య. అరుగు మీద నిండా కప్పుకున్న ముసలామె. గడపలో ఎర్రటి కళ్లతో కోడలు.

"ఇయ్యాల పొయ్యి ముట్టియ్యలే లచ్చమ్మా" అన్నది వెంకటనర్సమ్మ.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదు. ఇరుగుపొరుగు వండి తేవాలి. లచ్చమ్మ అక్కడినుంచే వెనుదిరిగి వాడకంతా చెప్పింది. పొయ్యికి మట్టి తేవడానికి వెంకటనర్సమ్మ గంప తీసుకొని చెరువుకు వెళ్లిన సమయంలోనే, అన్నం గంపలతో ఆడవాళ్లు వచ్చి అరుగు చుట్టూ కూర్చొని శోకాలందుకున్నారు.

పొద్దు వాలుతుండగా పర్వతాలు కొక్కెంతో వచ్చాడు. దుర్గయ్య రుమాలు తీసి ఎదురొచ్చాడు. నిచ్చెన మీద ఎండుగడ్డి పరిచి ఉంది.

"దుఃఖంల పాడెను నిచ్చెన అన్నవ్ పంతులూ. నాకు జర ఆలస్యంగ సమజైంది."

"దిమాక్ ఉన్నదా? మా అమ్మ బతికే ఉన్నది!"

"ఏడ్వు బిడ్డా" అన్నది లచ్చమ్మ. "లోపల దాసుకోకు. పిచ్చిలేస్తది."

పర్వతాలు దుప్పటి లాగాడు. సత్తమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. ఏడుపులు ఆగిపోయాయి.

"పొద్దు గూకిందా కొడుకా?"

"ఇంకా గూకలే. నువ్వు మేలుకొనే ఉన్నవా?"

"లచ్చమ్మ మొదలువెట్టినప్పటి సంది."

"మరి లేవొద్దా? నేను బతికున్న అని ఒక్క మాట అనొద్దా?"

"నా గురించి గంత మంచిగ చెప్తుంటే నడుమల ఎట్ల లేస్తరా? ఏడుపు ఇనవడ్డదా లేదా, అది చెప్పు."

పర్వతాలు పడమటి దిక్కు చూశాడు. పొద్దు ఇంకా రెండు మూరల ఎత్తున ఉంది. ఒప్పందంలో ఏడుపు మాటే ఉంది. చావు మాట లేదు.

ఆ రోజు పొద్దు గూకకముందు ఆ ఇంట్లో పదకొండుమంది ఏడ్చారు. ఎవరూ చనిపోలేదు. గడ్డి దులిపిన నిచ్చెన ఎక్కి, పాత దీపాన్ని కొత్త కొక్కేనికి పర్వతాలే తగిలించాడు. దాని పొగకు వెంకటనర్సమ్మ కళ్లనీళ్లు పెట్టుకున్నది పొద్దు గూకిన తరువాత గనుక లెక్కలోకి రాలేదు.