ఎర్రసీసాలు లేని యుద్ధం

ఆదివారం ఉదయం మందుల షాపాయన పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. భార్య బయటికి వెళ్లి వచ్చేలోగా ఆమె వీడియోగేమ్ రిమోట్‌కి చార్జింగ్ పెట్టాలి, ఆ తరువాత కాళ్లు చాపుకుని పేపరు చదవాలి. అంతే. ఇళ్లలో జరిగే అనర్థాలు చాలావరకు ఇలాంటి చిన్న కార్యక్రమాల్లోంచే పుడతాయి.

"చార్జింగ్ పెట్టండి. ఇంకేమీ ముట్టుకోకండి," అంది భార్య కారు తాళాలు వేలికి తిప్పుతూ. ఆమె డ్రైవింగ్ నేర్పుతుంది. ఆదివారాలు కూడా ఎవరో ఒకరికి గేరు మార్చడం రాక ఫోన్ చేస్తూనే ఉంటారు. "సాయంత్రం గుండాయన సంగతి తేల్చేస్తాను. ఈలోగా పైన మీ చెల్లెలు గెలిచిందో, మీ పెద్దమ్మ నెల్లాళ్లూ మనింట్లోనే."

గుండాయన అంటే ఆ గేమ్‌లో కోట వాకిలి దగ్గర కాపలా ఉండే రాక్షసుడు. తల నున్నగా ఉంటుంది, చేతిలో తాటిమానంత దుడ్డుకర్ర ఉంటుంది. పై వాటాలో ఉండే చెల్లెలూ అదే గేమ్ ఆడుతుంది, ఆమెనూ అతడే తంతున్నాడు. వదినామరదళ్లకు ఇంత చక్కగా కలిసొచ్చిన శత్రువు మరొకడు లేడు. తన ఇంట్లో నేల తవ్వి కొత్తగా రాళ్లు పరిపిస్తున్నానని, ఓ నెల మీ దగ్గర ఉంటానని పెద్దమ్మ ఫోన్ చేసిన రోజునే పందెం కుదిరింది. గుండాయనను ముందు ఎవరు కొడితే వాళ్లు బతికిపోయినట్టు. ఓడినవాళ్లింట్లో పెద్దమ్మ.

పెద్దమ్మ చెడ్డదేమీ కాదు. సర్దుతుంది. అదే ఆమె జబ్బు. పోయినసారి చెల్లెలింట్లో కిటికీ తెరలు నేలకు తగులుతున్నాయని మధ్యాహ్నం అందరూ పడుకున్నప్పుడు సగానికి కత్తిరించింది. ఆ మర్నాడు మందుల షాపులో కాసేపు కూర్చుంటానని వెళ్లి, మాత్రలన్నీ రంగుల వారీగా సర్దింది. తలనొప్పి మాత్రలు ఎలుకల మందు పక్కకు ఎలా చేరాయో కనుక్కునేసరికి షాపాయనకే తలనొప్పి వచ్చింది. అందుకే ఈ పందెంలో భార్య గెలవాలని ఆయన కోరుకున్నంతగా భార్య కూడా కోరుకోలేదు.

గుండాయనను కొట్టడానికి చెల్లెలిది ఒకటే మంత్రం: మీద పడిపోవడమే. భార్యది ముందుజాగ్రత్త. దెబ్బలు మాన్పే ఎర్రసీసాలను అడవి అంతా గాలించి, నెలల తరబడి సంచీలో దాచింది. అయినా ప్రతిసారీ ఒకే వరస. ఒంట్లో శక్తి తగ్గుతుంది, ఆమె సీసా ఎత్తుతుంది, సరిగ్గా అప్పుడే గుండాయన ఎగిరొచ్చి నెత్తిన ఒక్కటి వేస్తాడు. "నా దరిద్రం! తాగనిచ్చి కొట్టొచ్చుగా!" అని ఆమె రిమోట్ సోఫాలోకి విసిరేస్తుంది.

షాపాయన రిమోట్‌కి వైరు తగిలించగానే టీవీ వెలిగింది. తెర మీద భార్య ఆడే కత్తివీరుడు నిలబడి ఉన్నాడు, పక్కనే అతడి సంచీ తెరిచి ఉంది. సంచీ నిండా ఎర్రసీసాలు. ఆయన పేపరు పక్కన పెట్టాడు. ఇరవయ్యేళ్లుగా మందుల షాపు నడిపిన మనిషి కళ్లకు అవి సీసాల్లా కనిపించలేదు, కదలని సరుకులా కనిపించాయి. 'ఎప్పుడో వానాకాలంలో తెచ్చినవి! డేట్ అయిపోయి ఉండవూ? అందుకే ఈవిడకి పనిచేయడం లేదు' అనుకున్నాడు. గేమ్‌లో సీసాలకు గడువు ఉండదని ఆయనకు చెప్పేవాళ్లు లేకపోయారు.

ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు గానీ, ఊరుకోవడం చేతనైతే కదా! కత్తివీరుడిని నానా తిప్పలు పడి, రెండు గోడలకు గుద్ది, సంతలోని గడ్డం వర్తకుడి దగ్గరికి నడిపించాడు. పాత సరుకంతా వాపసు ఇచ్చి తాజా సరుకు తీసుకోవాలని ఆయన ఉద్దేశం. వర్తకుడు సీసాలన్నీ ఒక్క గుక్కలో కొనేశాడు. తీరా తాజావి అడుగుదామని చూస్తే అతడి అంగట్లో టోపీలు, చెప్పులు, ఒక గాడిద ఉన్నాయి. ఎర్రసీసా ఒక్కటీ లేదు. అమ్మినవి తిరిగి ఇవ్వడం అతడికి అలవాటు లేదు. తెర మూలన 'సేవ్ అయింది' అని ఆకుపచ్చగా వెలిగింది.

అంటే జరిగినది చెరపడం కుదరదు. షాపాయన అడవిలో ఏరుకొద్దామని బయల్దేరితే ఊరి పొలిమేరలోనే తోడేళ్లు పట్టుకుని, వచ్చిన నాణేలు కూడా లాక్కున్నాయి. ఇక గత్యంతరం లేక చెల్లెలికి ఫోన్ చేశాడు.

"అమ్మడూ, ఊరికే అడుగుతున్నా. ఈ గేమ్‌లో ఎర్రసీసాలు ఎక్కడ దొరుకుతాయే?"

"ఎందుకు? వదిన దగ్గర బోలెడున్నాయిగా! అన్నీ వాడేసిందా?" చెల్లెలి గొంతు మారిపోయింది. "అంటే గుండాయన్ని చివరిదాకా తెచ్చేసిందా? ఉండు, నేనే వస్తున్నా."

"రాకే!" అనేలోపే మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఆమె వచ్చి, తెర చూసి, ఖాళీ సంచీ చూసి, అన్నయ్య ముఖం చూసింది. నిజం చెబితే ఆమె ఇప్పుడే పైకి పరుగెత్తి నింపాదిగా గెలుస్తుంది. నిండా మునిగినవాడికి చలేమిటని షాపాయన ఛాతీ విరుచుకున్నాడు.

"సీసాలన్నీ కావాలనే అమ్మించేసింది. అదే మీ వదిన ఎత్తుగడ. చుక్క ముట్టకుండా కొడుతుందట."

"చుక్క ముట్టకుండానా?"

"అలాంటివాళ్లనే గుండాయన గౌరవిస్తాడట."

అదే క్షణంలో తలుపు తోసుకుని భార్య వచ్చింది. "వదినా! సీసాల్లేకుండా కొడతావటగా! అన్నయ్య అంతా చెప్పాడు. సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే చూపించు!" అంది చెల్లెలు. భార్య తెర వైపు చూసింది. తరువాత, అద్దం చూడకుండా బండి తిప్పే శిష్యులను చూసినట్టు మొగుడి వైపు చూసింది. షాపాయన పేపరు తలకిందులుగా పట్టుకున్నాడు. ఆడపడుచు ముందు తగ్గడం కన్నా గుండాయన చేతిలో చావడమే మర్యాద అనుకుని ఆమె రిమోట్ అందుకుంది.

ఆమె సోఫాలో కూర్చోగానే గంట మోగింది. వాకిట్లో పెట్టెతో పెద్దమ్మ!

"రేపు కదా వస్తానన్నావు?" అన్నాడు షాపాయన.

"రాళ్లవాళ్లు ఇవాళే వచ్చేశారురా. ఇదేమిటి, ఎవడీ బోడివాడు?" అంటూ పెద్దమ్మ పెట్టె మీదే కూర్చుంది.

యుద్ధం మొదలైంది. కాసేపటికే కత్తివీరుడి శక్తి సగానికి పడిపోయింది. అలవాటు కొద్దీ భార్య బొటనవేలు సీసా బొత్తాం మీదికి వెళ్లింది, సంచీ ఖాళీ కాబట్టి ఏమీ జరగలేదు. గుండాయన దుడ్డుకర్ర ఎత్తి, ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడిపోయాడు. ఆమె వేలు తీసేసింది. అతడు కర్ర దించి, ఎప్పటిలాగే బరువుగా అడుగులు వేస్తూ వచ్చాడు.

"ఏమండీ!" అంది భార్య, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "వీడు సీసా ఎత్తితేనే ఎగురుతాడండీ! ఇన్నాళ్లూ నా సీసాలే నన్ను చంపాయి!"

ఇక ఆమె తన వృత్తిధర్మం బయటికి తీసింది. ముందు బండికి దూరం పాటించడం, అవతలివాడు తిరిగేదాకా ఆగడం, సందు దొరికితే దూరిపోవడం. "ఎడమకి, ఎడమకి!" అని పెద్దమ్మ పెట్టె మీద లేచి నిలబడింది. గుండాయన ఒక మోకాలి మీద, తరువాత రెండో మోకాలి మీద కూలి, గుండు నేలకు ఆనించి పడిపోయాడు.

"అయిపోయింది! అయితే పెద్దమ్మ..." అని చెల్లెలు ఏడుపు గొంతుతో అని, నాలుక కరుచుకుంది.

"పెద్దమ్మ? ఏమిటే?"

అందరికన్నా ముందు తేరుకున్నది చెల్లెలే. "ఏం లేదు పెద్దమ్మా. నువ్వు ఎవరింట్లో ఉండాలా అని మేం పందెం వేసుకున్నాం. వదిన గెలిచింది. నాకంత అదృష్టం లేదు," అని కొంగుతో కళ్లు కూడా ఒత్తుకుంది.

షాపాయన నోరు తెరిచాడు. పెద్దమ్మ ముఖం చూసి మూసుకున్నాడు. ఆమె కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి.

"నా కోసం పందెమా? ఎవరికి బరువవుతానోనని దారి పొడుగునా దిగులుపడుతూ వచ్చానర్రా," అంది. ఆ మాటకు షాపాయనకు సిగ్గేసింది. భార్య లేచి వెళ్లి, పెట్టె ఎత్తి లోపలి గదిలో పెట్టింది. "రండి అత్తయ్యగారూ, ఇది మీ గదే."

చెల్లెలు రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి వెళ్లిపోయింది. వంటగదిలో భార్య మొగుడిని నిలదీసింది. "నా సీసాలేవి?"

"పాత సరుకు కదాని..." అన్నాడు షాపాయన.

మర్నాడు ఆయన షాపు తలుపు తీసేలోపే పెద్దమ్మ వెనకాలే వచ్చి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, "ఎర్రవి ఏ అరలో పెట్టమంటావురా?" అని అడిగింది.