సౌనా వంతులు, జరిగిన గీత

భూమి మీద సరిహద్దులన్నీ తేలిపోయాక మనిషి దృష్టి హార్డ్ డిస్కు మీద పడింది. మార్చి పద్నాలుగు, శుక్రవారం సాయంత్రం అయిదింటికి తాంపేరే పట్టణంలోని మా అపార్ట్‌మెంట్ల సంఘం నేలమాళిగలో, బట్టలుతికే గదిలో సమావేశమైంది. హాజరైనవారు: అధ్యక్షురాలు పిర్యో, కంప్యూటర్ సంరక్షకుడు తార్మో, మూడో అంతస్తు ఓర్వొక్కి (వయసు డెబ్బై తొమ్మిది, హోదా లేదు), తీర్మానాలు సరిచూసే నేను.

ఆ కంప్యూటర్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు కాపురముంటున్నాయి. విండోస్ డిస్కులో ముప్పాతిక ఆక్రమించి ఒక్క ప్రింటరును పోషిస్తోంది. మిగిలిన పాతికలో లినక్స్, దానిలో మా సౌనా (ఆవిరి స్నానాల గది) వంతుల జాబితా ఇరుక్కుని ఉన్నాయి. శుక్రవారం ఆరు గంటల వంతు ఓర్వొక్కిది. దానికోసం ఆవిడ పదకొండేళ్లు వేచి ఉంది. (మా దగ్గర ఇల్లు దొరుకుతుంది, శుక్రవారం దొరకదు.)

విండోస్‌ను కుదించి, రెంటి మధ్య సరిహద్దు గీత జరిపి, లినక్స్‌కు చోటివ్వాలని తీర్మానం. నిబంధనలు రెండు: ముందుగా నకలు తీయాలి, గీత జరుగుతుండగా కరెంటు పోరాదు.

"నకలు తీశావా?" అని పిర్యో అడిగింది.

"తీశాను," అన్నాడు తార్మో.

"ఎక్కడ పెట్టావు నాయనా?" అంది ఓర్వొక్కి.

"అదే డిస్కులో, జాబితా పక్కనే. వెతుక్కునే పని లేకుండా."

"తాళంచెవి పోతుందని రెండోదీ అదే జేబులో వేసుకున్నట్టుంది."

"మీరు తువ్వాలు సర్దుకోండి, ఓర్వొక్కి. ఇది సాంకేతికం."

(నిబంధన నకలు తీయమన్నదే గాని వేరే చోట దాచమనలేదు. దాన్ని సరిచూసింది నేనే.)

గీత జరిగేలోగా ఖాళీగా కూర్చోవడమెందుకని తార్మో తన తివాచీలను వాషింగ్ మెషీన్‌లో వేశాడు. అయిదున్నరకు, ఓర్వొక్కి వంతు కోసం, సౌనా పొయ్యి తనంతట తాను వేడెక్కసాగింది. రెంటికీ, కంప్యూటర్‌కూ కలిపి ఫ్యూజు ఒకటే. గది చీకటైంది. గీత సగం దారిలో ఉంది.

ఫ్యూజు మార్చగా పొయ్యి లేచింది, తివాచీలు లేచాయి, లినక్స్ లేవలేదు. జాబితా లేదు, పక్కనున్న నకలూ లేదు.

"ఆరైంది, వెళ్తాను," అంటూ ఓర్వొక్కి బకెట్ అందుకుంది.

"జాబితాలో మీ పేరు లేదు కదా," అంది పిర్యో.

"ఎవరి పేరుందమ్మా?"

"ఎవరిదీ లేదు. అందుకే ఎవరినీ పంపలేం. కొత్తగా దరఖాస్తు పెట్టుకోండి."

"మళ్లీ పదకొండేళ్లా?"

"సుమారుగా."

తీర్మానంలో ఇలా రాశారు: "డిస్కు సరిహద్దు మార్చడమైనది. లినక్స్ వైపు ఇప్పుడు కావలసినంత ఖాళీ ఉన్నది." సరిచూశాను, ప్రతి అక్షరమూ నిజమే. సంతకాలు చేసి, మడిచి, బీరువాలో పెట్టాము. గోడకు అవతల సౌనాలోనూ, ఎనభై డిగ్రీల వేడిలో, కావలసినంత ఖాళీ ఉంది.