శిరస్త్రాణంలో దూది

"లాగకే! చెవులు ఊడొస్తున్నాయి!"

బ్యాంకు క్యాషియర్ కేక వీధి చివరిదాకా వినిపించింది. ఆయన వంటింటి గుమ్మాన్ని రెండు చేతులా కరుచుకుని ఉన్నాడు. ఆయన భార్య ఒక కాలు గోడకి తన్నిపెట్టి, ఆయన నెత్తిన ఉన్న శిరస్త్రాణాన్ని బలమంతా పెట్టి లాగుతోంది. బంగారు రంగు పూసిన అట్ట శిరస్త్రాణం అది. పైన చీపురుపుల్లలతో చేసిన ఎర్రటి తురాయి. అసలది ఆయనది కాదు, మూడో తరగతి చదువుతున్న కూతురిది. ఇంకాసేపట్లో బడి వార్షికోత్సవంలో ఆ పిల్ల అది పెట్టుకుని సేనాపతిగా వేదిక ఎక్కాలి.

"నా హెల్మెట్ నువ్వెందుకు పెట్టుకున్నావు నాన్నా?" చెక్క కత్తి నేలకి ఆనించి నిలదీసింది చిన్నది.

"లూజుగా ఉందేమోనని చూశానమ్మా."

"ఉందా?"

క్యాషియర్ గుమ్మాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

ఆ పొద్దున ఆయన అనుకున్నది చాలా మామూలు సంగతి. పిల్లని స్కూటరు మీద బడికి తీసుకెళ్లాలి, రెండో వరసలో కూర్చుని నాటకం చూడాలి. కానీ ఆయన తాళం వేసిన తలుపుని కూడా మూడుసార్లు లాగి చూసుకునే మనిషి. పైగా ఈ శిరస్త్రాణంతో ఆయనకి పాత పగ ఉంది.

ముప్పై ఏళ్ల కిందట అదే బడిలో, అదే నాటకంలో, అదే శిరస్త్రాణం పెట్టుకుని ఆయనే సేనాపతి. ఆ బడిలో ఏటా ఆడేది ఆ ఒక్క నాటకమే. చివర్లో రాజుగారు "ద్రోహి ఎవరు?" అని గర్జిస్తారు. సేనాపతి ముందుకొచ్చి, మంత్రి వైపు వేలు చూపించి, "ఈ మంత్రే ప్రభూ!" అనాలి. నాటకం మొత్తానికి సేనాపతికున్న మాట అదొక్కటే. దానికోసం ఆయన నెలరోజులు అద్దంతో మాట్లాడాడు. తీరా అడుగు ముందుకేసేసరికి శిరస్త్రాణం ముక్కుదాకా జారింది. కళ్లకి ఏమీ కనబడలేదు. చూపించిన వేలు రాజుగారి బొజ్జలో గుచ్చుకుంది. హాలంతా పడీపడీ నవ్వింది. బడి విడిచేదాకా ఆయన్ని అందరూ "గంతల సేనాపతి" అనే పిలిచారు.

ఆ శిరస్త్రాణం చేసింది ఆయన తండ్రి, సోఫాలు కుట్టే మేస్త్రి. ఏది చేసినా కొలతకి రెండు వేళ్లు ఎక్కువ పెట్టి, లోపల మెత్త కుట్టడం ఆయన పద్ధతి. పిల్లలు పెరుగుతారు, పెరిగేకొద్దీ మెత్త తగ్గించుకోవచ్చు అనేవాడు. ఆయన కుట్టిన సోఫాల మీద ఊరంతా కూర్చుంది. కొడుకు మాత్రం ఆ ఒక్క శిరస్త్రాణం దగ్గరే ఆగిపోయాడు. మాటామాటా వచ్చినప్పుడల్లా "నువ్వు లూజుగా కుట్టావు" అని దెప్పేవాడు. మేస్త్రి ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు.

ఈసారి మేస్త్రే దాన్ని అటక మీంచి దించాడు. రంగు వేశాడు. కొత్త స్పాంజి పెట్టి కుట్టాడు. మనవరాలి తలకి అతికినట్టు సరిపోయిందని నిన్న సాయంత్రమే అందరికీ చూపించి, పొద్దున్నే దుకాణానికి వెళ్లిపోయాడు. అయినా క్యాషియర్ మనసు ఒప్పలేదు. తన నెత్తిన పెట్టుకుని గట్టిగా నొక్కి చూశాడు. మెత్త ఫుస్సుమని అణిగి తలని లోపలికి రానిచ్చింది. ఆ వెంటనే పొంగి తలుపేసుకుంది.

"నూనె పోస్తే జారుతుందండీ," అంటూ భార్య చెవి పక్కనుంచి గిన్నెడు నూనె పోసింది. శిరస్త్రాణం ఆ నూనెని వత్తిలా పీల్చుకుని ఇంకాస్త బిగిసింది.

"అత్తయ్యా, మీరూ ఓ చెయ్యి వేయండి!"

"నా వల్ల కాదమ్మా," అంది నాన్నమ్మ, మెడ ఒక పక్కకి వాల్చి. "పొద్దున్నుంచీ మెడ పట్టేసింది. దుకాణానికి తీసుకెళ్లండి. కుట్టినాయనే విప్పుతాడు."

క్యాషియర్ అలాగే స్కూటరెక్కాడు. వెనక కత్తితో సేనాపతి. ఆ వెనక ఆటోలో అత్తాకోడళ్లు. మొదటి కూడలిలోనే ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏంటిది?"

"హెల్మెట్టండీ."

"దాని మీద చీపురెందుకుంది?"

"చీపురు కాదు, తురాయి!" వెనకనుంచి కోపంగా అంది చిన్నది.

"ముందు అది తీయండి."

"తీయగలిగితే మీ దాకా ఎందుకొస్తానండీ!"

కానిస్టేబుల్ నమ్మలేదు. తనే పట్టుకుని లాగాడు. తురాయి ఊడి చేతిలోకి వచ్చింది. గోరుచుట్టు మీద రోకలిపోటు! చిన్నదాని కింది పెదవి వణకడం మొదలైంది. అది చూసి కానిస్టేబుల్ కంగారుగా నాలుగు వైపులా బళ్లు ఆపేసి, ఎర్ర చీపురు ఊపుతూ స్కూటరుకి దారిచ్చాడు.

దుకాణంలో అప్పటికీ అదే వాసన. కొత్త రెగ్జిను, కొబ్బరిపీచు, జిగురు. చిన్నప్పుడు క్యాషియర్ సగం కుట్టిన సోఫాల మీదే నిద్రపోయేవాడు. ఏ రాత్రి ఏ సోఫా మీద పడుకున్నా, తెల్లారేసరికి ఇంట్లో మంచం మీదే ఉండేవాడు. ఎవరు ఎత్తుకెళ్లారో ఎప్పుడూ అడగలేదు.

మేస్త్రి కొడుకుని ముక్కాలి పీట మీద కూర్చోబెట్టి, మెడ మీద చెయ్యి వేసి, "కదలకురా," అన్నాడు. చిన్నప్పుడు జుట్టు కత్తిరించేటప్పుడు అన్నట్టే అన్నాడు. క్యాషియర్ కూడా అప్పట్లాగే కళ్లు మూసుకున్నాడు.

వంకర సూది లోపలికి వెళ్లి ఒక్కో కుట్టూ తెంపింది. స్పాంజి వచ్చింది. దాని వెనకనుంచి నూనెలో నానిన దూది పిడికెళ్లకి పిడికెళ్లు రాసాగింది.

"ఇంత దూది నేను పెట్టలేదే," అని గొణిగాడు మేస్త్రి. తెంపిన కుట్టుని వెలుతురుకి పట్టి చూశాడు. ఎడమచేతి వాటం కుట్టు. వాళ్లింట్లో ఎడమచేత్తో కుట్టేది ఒక్కరే. గుమ్మంలో నిలబడ్డ తన భార్య వైపు ఒక్క చూపు చూశాడు. ఆవిడ తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా వీధిలోకి చూస్తోంది. మేస్త్రి దూదిని కాలితో పీట కిందకి తోసేశాడు.

క్యాషియర్ తల తడిసిన కాకిలా బయటపడింది. "అప్పుడు లూజు, ఇప్పుడు టైటు! నీ చేతిలో సరిగ్గా కుదిరేది ఒక్కటైనా ఉందా నాన్నా?"

"లేదురా," అన్నాడు మేస్త్రి. మళ్లీ సూదిలో దారం ఎక్కించాడు.

మనవరాలి తల మీదే స్పాంజి సర్ది చకచకా కుట్టాడు. పోయిన తురాయి చోట సోఫా అంచుకి వేసే ఎర్ర కుచ్చు బిగించాడు.

"తాతయ్యా," గుసగుసగా అడిగింది చిన్నది, "దూది నువ్వు పెట్టలేదుగా. మరెవరు పెట్టారు?"

"మీ నాన్నకి చెప్పనని ఒట్టెయ్యి."

చిన్నది ఒట్టేసింది. మేస్త్రి చెవిలో చెప్పాడు. దాని కళ్లు ఇంతింతయ్యాయి.

వాళ్లు బడికి చేరేసరికి నాటకం సగం అయిపోయింది. సేనాపతి రొప్పుతూ వేదిక ఎక్కింది. హాలు పెద్దగా మారలేదు. అవే చెక్క కుర్చీలు, అదే నీలం తెర. రెండో వరసలో తల్లిదండ్రుల మధ్య క్యాషియర్ తన కుర్చీ చేతుల్ని పట్టుకుని, కూతురి ముఖం కూడా చూడకుండా శిరస్త్రాణం వైపే చూస్తూ కూర్చున్నాడు.

"ద్రోహి ఎవరు?" గర్జించాడు రాజు.

సేనాపతి అడుగు ముందుకేసింది. శిరస్త్రాణం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. క్యాషియర్ ముప్పై ఏళ్లుగా బిగబట్టిన ఊపిరి వదిలాడు.

చిన్నది మంత్రి వైపు చూసింది. తర్వాత రెండో వరస వైపు చూసింది. నాన్నకి చెప్పనని ఒట్టేసింది నిజమే. రాజుగారికి చెప్పనని ఎవరికీ మాటివ్వలేదు.

"మంత్రి కాదు ప్రభూ!" అంటూ వేలు చాపింది. "మా నాన్నమ్మ! అప్పుడు తాతయ్య అడక్కుండా నాన్నమ్మ దిండులో దూది తీసి హెల్మెట్‌లో కుట్టాడని, నాటకం రోజే దాన్ని తీసేసుకుంది! అందుకే నాన్న కళ్లు మూసుకుపోయాయి! ఇప్పుడు నాకలా కాకూడదని దిండు మొత్తం తెచ్చి కుక్కేసింది!"

హాలంతా ఘొల్లుమంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నారంటారు. నాన్నమ్మ మెడ తడుముకుంది.

క్యాషియర్ తండ్రి వైపు తిరిగాడు. "తెలిసీ ఇన్నేళ్లూ నాచేత మాటలు పడ్డావా నాన్నా?"

"చెబితే, ముందు ఆ దూది ఎందుకు దొంగిలించావని అడిగేది మీ అమ్మ," అన్నాడు మేస్త్రి.

క్యాషియర్ సూది పోట్లతో గరుకు తేలిన ఆ చేతిని పట్టుకుని, తెర పడేదాకా వదల్లేదు.

ఆ బడి నాటకంలో మంత్రి నిర్దోషిగా ఇంటికెళ్లింది ఆ ఒక్క ఏడాదే.