నూకమ్మ వేరియంట్

ఆ రోజు ఎర్రన్న వేసుకున్న పథకం చాలా మామూలుది. పొద్దున్న డ్యూటీ దిగడం, స్నానం చేసి అన్నం తినడం, మధ్యాహ్నం విశాఖ వైపు వెళ్ళే ప్యాసింజరు ఎక్కడం, మర్నాడు పెద్దాఫీసులో నాలుగు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడి గూడ్సు గార్డు అయిపోవడం. వీటిలో మొదటి మూడూ అతనికి బాగా వచ్చు.

బైలాడిల్లా కొండల నుంచి ఇనప రాయి మోసుకుపోయే లైన్లో, బచేలికి కాస్త ఇవతల, అడవి మధ్య ఉన్న ఓ చిన్న స్టేషన్లో అతను పాయింట్స్‌మన్. ఇన్నేళ్ళ సర్వీసులో ఏ బండికి ఏ జెండా చూపించాలో ఒక్కసారి కూడా తడబడలేదు. కానీ గార్డు కావాలంటే జెండా భాష చాలదట. అధికారి ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషులోనే జవాబు చెప్పాలట. ఇంతకు ముందు వెళ్ళిన ప్రతిసారీ "గుడ్ మార్నింగ్ సార్" దాకా బ్రహ్మాండంగా వెళ్ళి, అక్కడ పట్టాలు అయిపోయినట్టు ఆగిపోయాడు. వయసు మీద పడుతోంది గనక ఇదే ఆఖరి అవకాశం. ఇది పోతే రిటైరయ్యేదాకా పట్టాల పాయింట్లు మార్చుకుంటూ ఉండాల్సిందే.

అందుకని పక్క స్టేషన్ మాస్టరు రాజ్‌కుమార్‌ను గురువుగా పెట్టుకున్నాడు. తనలాగే ఆయనదీ విజయనగరం వైపే. ఆయన పద్ధతి సులువుగా ఉండేది. "పేపర్లో ఒక వార్త తీసుకో ఎర్రన్నా. అందులో దేశం పేరు కొట్టీసి మీ ఇల్లు పెట్టు. అధికారులని ఉన్న కాడ మీ ఆవిడ్ని పెట్టు. మంత్రి ఉన్న కాడ మీ అత్తగార్ని పెట్టు. మన ఇంటి సంగతైతే మాట బుర్రలోంచి పోదు" అని చెప్పాడు.

ఎర్రన్న శ్రద్ధగా అలాగే చేశాడు. ఎన్నికల వార్త చదివిన వారం అతని ఇంట్లో మూడు పార్టీలు పొత్తు పెట్టుకున్నాయి. తుఫాను వార్త చదివిన రోజు వాళ్ళ వంటగది తీరం దాటింది. అత్తగారు నూకమ్మ కూతురు ప్రశాంతిని చూసి పోదామని వానాకాలంలో వచ్చి ఇక్కడే ఉండిపోవడంతో మంత్రి పాత్రకు మనిషి కరువు రాలేదు. ఆవిడ కూడా ఆ మధ్యాహ్నం అల్లుడితో పాటే ప్యాసింజరెక్కి, కొత్తవలసలో తన మేకల దగ్గరకు పోవడానికి మూట కట్టుకుని సిద్ధంగా ఉంది.

ఆ పొద్దున్న గార్డు విసిరేసి పోయిన ఇంగ్లీషు పేపర్లో ఒక పేజీ నిండా కరోనా వార్తే ఉంది. ఎక్కడో సముద్రం మధ్య ఉన్న ఒక దేశంలో కొత్త వేరియంట్ పుట్టిందట. జబ్బు వెళ్ళిపోయి ఏళ్ళయినా దాని మాటలు మాత్రం పేపరును వదలలేదు. మ్యుటేషన్, ట్రాన్స్‌మిసిబుల్, ఇమ్యూనిటీ, బూస్టరు, క్వారంటైన్. ఎర్రన్నకు నోట్లో నీళ్ళూరాయి. ఇంత బరువైన మాటలు నాలుగు పడేస్తే ఏ అధికారైనా లేచి నిలబడతాడని అతనికి అనిపించింది.

స్టేషన్ మాస్టరు దుర్గేశ్ స్నానానికి క్వార్టరుకు వెళ్తూ ఫోను చూసుకోమన్నాడు. ఆ లైన్లో స్టేషన్లన్నిటికీ కలిపి ఒకటే కంట్రోలు ఫోను. ఒకరు మాట్లాడితే రిసీవరెత్తిన ప్రతివాడికీ వినిపిస్తుంది. పెద్దాఫీసులో కూర్చున్న కంట్రోలరుకు కూడా. పొద్దున్న ఆ వేళకు లైను ఖాళీగా ఉంటుంది గనక గురుశిష్యుల పాఠం దాని మీదే సాగేది.

"చెప్పు, ఇమ్యూనిటీ" అన్నాడు రాజ్‌కుమార్.

తన మాటలకు తన అత్తగారిలో పూర్తి ఇమ్యూనిటీ వచ్చేసిందని ఎర్రన్న ఇంగ్లీషులో చెప్పాడు.

"శభాష్. బూస్టరు?"

ప్రతి ఆదివారం కోడికూర బూస్టరుగా పడకపోతే ఆవిడ నిలదొక్కుకోలేదని చెప్పాడు.

"బాగుంది. ఇప్పుడు వార్త మొత్తం గుక్క తిప్పుకోకుండా చదివీ. గూడ్సు వస్తన్నాది, దాన్ని పంపించీసి వస్తాను. ఆపకు" అని రాజ్‌కుమార్ రిసీవరు బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళాడు.

ఎర్రన్న గొంతు సవరించుకున్నాడు. కంట్రోలు ఫోను పట్టుకుంటే ముందు స్టేషను పేరు, తన పేరు, హోదా చెప్పడం అలవాటు గనక అవి చెప్పాడు. తర్వాత వార్త అందుకున్నాడు. రైల్వే క్వార్టర్లలో కొత్త వేరియంట్ బయటపడింది. ఇది చాలా వేగంగా పాకుతుంది. పాత వ్యాక్సిన్ దీని మీద పనిచెయ్యకపోవచ్చు. నూకమ్మగారిని వెనక గదిలో క్వారంటైన్‌లో పెట్టారు. శ్రీమతి ప్రశాంతి సరిహద్దులు మూసేశారు. ప్రజలు ఆందోళన చెందవద్దని నూకమ్మగారు విజ్ఞప్తి చేశారు.

ఎక్కడా తట్టుకోలేదు. తన జీవితంలో ఇంత ఇంగ్లీషు ఒక్క ఊపున మాట్లాడటం అదే మొదలు. ఆ ఆనందంలో ఉండగా ఫోనులో కొత్త గొంతు గట్టిగా, "రిపీట్" అంది.

అది కంట్రోలరు గొంతు. కంట్రోలరు రిపీట్ అంటే రైల్వేలో ఎందుకని అడిగే ఆచారం లేదు. నిద్రలో లేపి అడిగినా రిపీట్ చెయ్యాల్సిందే. ఎర్రన్న అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ చదివాడు.

"మెసేజ్ నంబరు రాసుకో" అని కంట్రోలరు ఒక నంబరు చెప్పాడు. ఎర్రన్న రాసుకున్నాడు. నంబరు పడితే అది అధికారిక మెసేజ్ అయిపోయినట్టేనని రాసుకున్నాక గాని అతనికి తట్టలేదు.

దుర్గేశ్ తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఫోను ఆగకుండా మోగుతోంది. విషయం విని తువ్వాలు అలాగే నెత్తిమీద వదిలేసి కుర్చీలో కూలబడ్డాడు. "అరే ఎర్రన్నా, యే క్యా కర్ దియా" అని మాత్రం అనగలిగాడు. తర్వాత తేరుకుని తనే కంట్రోలరుకు ఫోను చేశాడు. అంతా ప్రాక్టీసు, జబ్బూ గిబ్బూ ఏమీ లేదు, మెసేజ్ రద్దు చెయ్యండని హిందీలో బతిమాలాడు.

"రద్దు చెయ్యాలంటే జబ్బు తగ్గిందని డాక్టరు రాసివ్వాలి" అన్నాడు కంట్రోలరు.

"జబ్బే లేదు సాబ్."

"లేని జబ్బు తగ్గిందని ఏ డాక్టరు రాస్తాడయ్యా" అని కంట్రోలరు విసుక్కున్నాడు. ఆయన చెప్పినదాంట్లో న్యాయముందని దుర్గేశ్‌కు కూడా అనిపించింది.

ఈలోగా లైన్ వెంట ఉన్న స్టేషన్లన్నీ ఆ మెసేజ్‌ను ఒకదానికొకటి రిపీట్ చేసుకున్నాయి. రిపీట్ చెయ్యడానికి అర్థం తెలియక్కర్లేదు. కాకపోతే అంత పొడుగు మెసేజ్ పలకడం కష్టమై, దారిలో ఎవరో దాన్ని కుదించారు. కొండ దిగేసరికి అది "నూకమ్మ వేరియంట్" అయి కూర్చుంది. జగదల్‌పూర్‌లో ఒక టీకొట్టు వాడు ఆ వేరియంట్‌కు అల్లం టీ మంచిదని బోర్డు పెట్టాడని ఒక గూడ్సు డ్రైవరు కిటికీ తీయకుండానే అరిచి చెప్పి పోయాడు.

రాజ్‌కుమార్ ఫోను చేశాడు. "ఎర్రన్నా, నీ ఇంగ్లీషు నిజంగా బాగా కుదిరింది. అదే కొంప ముంచీసింది" అన్నాడు.

ఎర్రన్న స్థానంలో డ్యూటీకి రావలసిన మనిషి స్టేషన్ పొలిమేరలోనే ఆగి, అక్కణ్ణుంచే దండం పెట్టి వెనక్కి పోయాడు. కాసేపటికి ఆరోగ్య శాఖ జీపు వచ్చింది. అందులోంచి గంగే అనే నర్సు తల నుంచి పాదాల దాకా తెల్ల తొడుగు వేసుకుని దిగింది. స్థానికురాలే. హల్బీ, గోండీ, హిందీ గడగడా మాట్లాడుతుంది. నూకమ్మకు ఇక్కడికొచ్చాక అబ్బిన హిందీ మాటలు రెండే, అచ్ఛా, నహీ. ఏ ప్రశ్న అడిగినా ఒకసారి అదీ ఒకసారి ఇదీ చెప్పడం ఆవిడ పద్ధతి.

"అమ్మా, బుఖార్ హై?" అని గంగే అడిగింది.

"అచ్ఛా" అంది నూకమ్మ.

"ఖాసీ?"

"నహీ."

గంగే థర్మామీటరు పెట్టి చూసింది. జ్వరం లేదు. దగ్గు లేదు. అయినా అందరి ముక్కుల్లోనూ పుల్లలు పెట్టి తిప్పి, గొట్టాల్లో వేసుకుని, మెసేజ్‌లో ఉన్నట్టే నూకమ్మను స్టేషనుకు ఆనుకుని ఉన్న ఎర్రన్న క్వార్టరు వెనక గదిలో ఉంచి, తలుపు మీద ఎర్ర కాగితం అంటించింది. సాయంత్రం దాకా చూసి, ఏ లక్షణమూ కనపడకపోతే కాగితం తీసేస్తానంది.

నూకమ్మ అల్లుణ్ణి కిటికీ దగ్గరకు పిలిచింది. "ఏటల్లుడా, నా పేరు ఇశాపట్నం దాకా ఎల్లిపోనాదంట గదా" అంది. ఆవిడ గొంతులో కోపం కంటే కుతూహలమే ఎక్కువగా ఉంది.

"తప్పయిపోనాది అత్తా."

"తప్పేటి. మా ఊళ్ళో సర్పంచి పేరే కొత్తవలస దాటలేదు" అంది నూకమ్మ తృప్తిగా.

మధ్యాహ్నం అసలు దెబ్బ పడింది. ప్యాసింజరు ఆ స్టేషన్లో ఆగకుండా వెళ్ళిపోవాలని ఆర్డరు వచ్చింది. ఆగని బండికి ప్లాట్‌ఫారం మీద నిలబడి పచ్చజెండా చూపించాలి. దుర్గేశ్ ఫోను వదిలి రాలేడు గనక చూపించడానికి ఎర్రన్న తప్ప ఎవరూ లేరు. ఇంటర్వ్యూ కోసం ఇస్త్రీ చేయించి పెట్టుకున్న తెల్ల చొక్కా వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని అతను నిలబడ్డాడు. కిటికీలన్నీ మూసుకుని బండి వచ్చింది. తను ఎక్కాల్సిన బండికి, తన ఆఖరి అవకాశానికి, తన చేత్తోనే దారి ఇచ్చాడు. చివరి పెట్టెలోని గార్డు కూడా ముక్కు మూసుకునే పచ్చజెండా ఊపాడు. బండి మలుపు తిరిగాక ఎర్రన్నకు ఏడుపొచ్చింది. ఎవరూ దగ్గరకు రారు గనక సిగ్గుపడకుండా ఏడ్చాడు.

సాయంత్రం గంగే కాగితాలు పట్టుకుని వచ్చేసరికి మళ్ళీ ఫోను మోగింది. ఈసారి కంట్రోలరు తెలుగులో మాట్లాడాడు. "రేపు ఇంటర్వ్యూకి నీ పేరుందటగా. రాకపోతే గైర్హాజరు. క్వారంటైన్ వల్ల రాలేకపోయిన వాళ్ళకి మళ్ళీ పెడతారని రూలుంది. మీరేమో పొద్దున్నుంచీ జబ్బు లేదు, జబ్బు లేదు అంటున్నారు. అది నిజమైతే ఇంటర్వ్యూ పోయినట్టే, తప్పుడు మెసేజ్ ఇచ్చినందుకు ఛార్జిషీటు కూడా. నర్సు ఏం రాస్తే అదే నేనూ రాస్తాను. కనుక్కుని చెప్పు."

ఎర్రన్న రిసీవరు పట్టుకుని గంగే వైపు చూశాడు. గంగే అప్పటికే కిటికీ దగ్గర నిలబడి, లక్షణాలు లేవని రాయడానికి పెన్ను తీసింది. పొద్దున్నుంచీ జబ్బు లేదని లోకమంతటికీ ఒట్టేసి చెప్పినవాడికి ఇప్పుడు జబ్బు కావాలి.

"ఏటంతన్నాడు ఆ ఫోనులో మనిసి?" అని నూకమ్మ లోపలి నుంచి అడిగింది. ఎర్రన్న ఉన్నదున్నట్టు చెప్పాడు. లక్షణాలున్నాయని రాస్తే ఇంకా పద్నాలుగు రోజులు ఆ గదిలో కూర్చోవాల్సింది ఆవిడే గనక, వద్దంటే ఊరుకుంటానని కూడా చెప్పాడు.

నూకమ్మ కట్టి పెట్టుకున్న మూటవైపు ఒకసారి చూసింది. "మేకలు మా సెల్లి సూసుకుంతాది. నువ్వు గార్డువి అవ్వాల" అంది. తర్వాత గంగే వైపు తిరిగి, స్టేషన్ కప్పు మీద పావురాలు ఎగిరిపోయేలా దగ్గింది.

గంగే పెన్ను ఆగింది. "ఖాసీ?"

"అచ్ఛా" అంది నూకమ్మ. ఆవిడ హిందీ సరిగ్గా అతికింది ఆ ఒక్కసారే.

పేపర్లో మంత్రి స్థానంలో ఆవిడ్ని పెట్టి నవ్వుకున్నందుకు ఎర్రన్నకు మనసులో చాలా సిగ్గేసింది. ఆ పద్నాలుగు రోజులూ వేళకు వండి, కిటికీలోంచి కంచం అందించి, ఆదివారాలు కోడికూర తప్పనివ్వలేదు. మధ్యలో ఎప్పుడో పరీక్షల ఫలితాలు వచ్చాయి. ఎవరికీ ఏ జబ్బూ లేదు. అప్పటికి మెసేజ్ నంబరు ఫైలెక్కిపోయింది గనక ఆ సంగతి వినడానికి ఎవరికీ తీరిక లేకపోయింది.

మళ్ళీ పెట్టిన ఇంటర్వ్యూలో అధికారి మాస్కు మీద మాస్కు వేసుకుని గోడవారగా కూర్చున్నాడు. ఎర్రన్న గుడ్ మార్నింగ్ చెప్పాడు. ఆయన తన కాగితాల మీద ఉన్న ప్రశ్నలన్నీ పక్కన పెట్టి, ఇంట్లో అత్తగారు ఎలా ఉన్నారని ఇంగ్లీషులో అడిగాడు. ఎర్రన్న నేర్చుకున్న మాటల్లో ఆరోగ్యంగా ఉన్న మనిషికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఉన్నవాటిలోనే ఏరి, ఆవిడ కండిషన్ స్టేబుల్‌గా ఉందనీ, ఇంకా అబ్జర్వేషన్‌లోనే ఉంచామనీ, తనకు మాత్రం ఇంతవరకు లక్షణాలు బయటపడలేదనీ ఇంగ్లీషులో తడబడకుండా చెప్పాడు. అధికారి కుర్చీని ఇంకాస్త వెనక్కి జరుపుకుని, రెండో ప్రశ్న అడక్కుండా పాస్ అని రాసేశాడు.

గూడ్సు గార్డంటే బండి చిట్టచివరి పెట్టెలో ఒంటరిగా కూర్చునే ఉద్యోగం గనక, ఎర్రన్న పదోన్నతికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.