డ్రైవ్ రహిత ఆసుపత్రి

"ఈ రోజు నుంచి ఈ ఆసుపత్రి గుమ్మంలోకి పరాయి పెన్‌డ్రైవ్ ఒక్కటి కూడా అడుగుపెట్టదు! ఇది నా మాట కాదు, నా శపథం!" అని ఆరోగ్య మంత్రిగారు మైకు పట్టుకుని గర్జించారు.

హాలు చప్పట్లతో మారుమోగిపోయింది. నేనూ కొట్టాను. నిజానికి నేను సభకని వెళ్లలేదు. ఓపీలో బెంచీలన్నీ నిండిపోయాయి, హాల్లో కుర్చీలూ ఫ్యాన్లూ ఉన్నాయి, మా బావ కాసేపు కూర్చోవాలి. కిడ్నీలో రాయి ఉన్నవాడికి ఆ పూట ఆ ఆసుపత్రిలో దొరికిన వైద్యం ఆ కుర్చీ ఒక్కటే.

బావ అంటే మా అక్క మొగుడు. దర్జీ. రాయి పుణ్యమా అని కుట్టు మిషన్ మీద వంగలేక ఇంట్లో గోడకి ఆనుకుని ఉంటున్నాడు. గురువారం ఆపరేషన్ అన్నారు. ఆసుపత్రి సొంత స్కాన్ యంత్రం ఇదే మంత్రిగారి చేతుల మీదుగా ప్రారంభమై, అంత గౌరవం తట్టుకోలేక ఆ వారమే మూలపడింది. అందుకని రోగులు ఎదురు వీధిలో స్కాన్ తీయించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటారు. సర్జన్ గారు దాన్ని తన కంప్యూటర్‌లో పెట్టి, రాయి ఎక్కడుందో కళ్లారా చూసి గానీ కత్తి పట్టరు. బావ పెన్‌డ్రైవ్ బావ చొక్కా జేబులోనే ఉంది.

మంత్రిగారు ఊరికే శపథం పట్టారని ఎవరూ అపార్థం చేసుకోకూడదు. కిందటి నెల రికార్డుల సెక్షన్ గుమాస్తా ఒకాయన తన బావమరిది పెళ్లి వీడియో చూద్దామని ఆఫీసు కంప్యూటర్‌లో డ్రైవ్ పెట్టాడు. ఆయన ఏదీ నొక్కకముందే అందులోంచి ఏదో వైరస్ తనంతట తాను లేచి పరిగెత్తింది. సాయంత్రానికి ఆసుపత్రిలో ఉన్న మగవాళ్లందరూ రికార్డుల్లో ప్రసూతి వార్డులో తేలారు.

"డ్రైవ్‌లన్నీ ముందు వేరే కంప్యూటర్‌లో పరీక్షించి లోపలికి పంపుదాం సార్. డ్రైవ్ పెట్టగానే దానంతటది మొదలయ్యే ఆటోరన్‌ని ఆపేద్దాం. అంతే చాలు," అందట కంప్యూటర్లు చూసే మేడమ్.

సూపరింటెండెంట్ గారు నొచ్చుకున్నారట. "చాలు ఏమిటమ్మా? మంత్రిగారు స్వయంగా వచ్చి ప్రకటించాలంటే విషయం కొంచెం పెద్దదిగా ఉండొద్దూ?"

ఉంది. మర్నాడు మేం వెళ్లేసరికి గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన జేబులు తడుముతున్నాడు. పక్కన పెద్ద ప్లాస్టిక్ బకెట్.

"జేబులో ఏంటి?" అన్నాడు.

"నా కిడ్నీ అండి," అన్నాడు బావ.

"తీసి బకెట్లో వెయ్."

వేశాడు. బదులుగా ఒక టోకెన్ ఇచ్చారు. టోకెన్ మాత్రం దివ్యంగా ఉంది. దాని మీద మంత్రిగారు నవ్వుతున్నారు.

లోపల కంప్యూటర్ల కన్నాలన్నీ లక్కతో మూసేసి సీలు కొట్టారు. కీబోర్డు, మౌసు కూడా ఆ కన్నాల్లోనే దూరతాయి కాబట్టి వాటిని పీకి గోనెసంచుల్లో కట్టారు. చట్టం ముందు అందరూ సమానమే. నర్సమ్మ తెర ముందు చేతులు కట్టుకుని కూర్చుంది.

"పని ఎలా చేస్తున్నారమ్మా?" అన్నాను.

"చూస్తున్నాం బాబూ. చెయ్యి వెయ్యకూడదట," అంది.

వైరస్ జాడ లేదు. ఇంకే జాడా లేదు.

ఆటోరన్ సంగతి కూడా సూపరింటెండెంట్ గారు మరిచిపోలేదు. కంప్యూటర్లకే పరిమితం చేస్తే మంత్రిగారి దూరదృష్టిని చిన్నచూపు చూసినట్టవుతుందని, 'ఆవరణలో ఏదీ తనంతట తానుగా మొదలు కారాదు' అని సర్క్యులర్ వేశారు. ఎమర్జెన్సీ గుమ్మానికి మనిషిని చూసి తెరుచుకునే తలుపు ఉండేది. దాన్ని ఆపేశారు. కరెంటు పోగానే అందుకునే జనరేటర్‌కి తాళం వేశారు. సిబ్బందిలో కొందరు ఈ సర్క్యులర్ కోసం ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఎదురు చూస్తున్నారు.

"నాయనా, ఈ దుప్పటి కాస్త మారుస్తావా?" అని బావకిచ్చిన మంచం చూసి అక్క వార్డు బాయ్‌ని అడిగింది.

"ఆర్డర్ రావాలమ్మా. తనంతట తానుగా ఏదీ మొదలు కాకూడదట."

"మరి ఇన్నాళ్లూ ఏ ఆర్డర్ ప్రకారం మార్చలేదు?" అంది అక్క. మా అక్కకి పరిపాలన గురించి ఏమీ తెలియదు.

సర్జన్ గారు మంచివారు. బావని బల్ల మీద పడుకోబెట్టి, "స్కాన్ ఏదయ్యా?" అన్నారు.

"గేటు దగ్గర బకెట్లో ఉందండి."

ఆయన బావ నడుం రెండు వైపులా నొక్కి చూశారు. "కుడి వైపా, ఎడమ వైపా?"

"పొద్దున కుడి అనిపిస్తుందండి. రాత్రయ్యేసరికి నడుమంతా ఒకటే నొప్పి."

"అనిపించిన చోట కొయ్యడానికి నేను మీ దర్జీని కాదయ్యా. వెళ్లి అనుమతి తెచ్చుకోండి."

అనుమతులిచ్చే ఆఫీసరు గారు కొత్త గదిలో కొత్త కుర్చీలో ఉన్నారు. చాలా మర్యాదస్తులు. కూర్చోమన్నారు.

"డ్రైవ్‌లో ఏముంది?"

"రాయి అండి," అన్నాను.

"రుజువు?"

"డ్రైవ్‌లో ఉందండి."

"అయితే పెట్టి చూపించు."

"పెట్టాలంటే మీ అనుమతి కావాలి కదండీ?"

"అనుమతి ఇవ్వాలంటే నేను చూడాలి కదయ్యా?" ఆయన చిరునవ్వు నవ్వారు. "ఇందులో ఎక్కడైనా లొసుగు ఉంటే చెప్పు, సరిచేస్తాను."

ఎంత వెతికినా దొరకలేదు. అంత పకడ్బందీగా ఉంది. బావ మాత్రం బయటికొచ్చి మెట్ల మీద చతికిలబడ్డాడు. "ఒరేయ్, రాయితోనే పోతానేమోరా," అన్నాడు.

గురువారం వచ్చింది. ఆపరేషన్ రాలేదు. మంత్రిగారు వచ్చారు. అత్యంత సురక్షిత ఆసుపత్రి అన్న అవార్డుని ఆయన శాఖే ఈ ఆసుపత్రికి ప్రకటించింది, దాన్ని ఆయనే ఇచ్చి ఆయనే పుచ్చుకోవాలి. మేం టోకెన్ పట్టుకుని గేటు దగ్గర బతిమాలుకుంటున్నాం. అప్పుడే మంత్రిగారి పీఏ ఉరుకుల పరుగుల మీద వచ్చాడు. చంకలో ఉన్న ల్యాప్‌టాప్‌లో మంత్రిగారి విజయాల మీద తీసిన సినిమా ఉంది, హాల్లో తెర ఉంది, మధ్యలో మోసుకెళ్లే డ్రైవ్ ఇంట్లో ఉండిపోయింది.

పీఏ బకెట్లో చెయ్యి పెట్టి చేతికందింది తీశాడు. ఎదురు వీధి సెంటర్ వాళ్లు బావ పేరు రాసి అంటించిన చీటీ దానికి వేలాడుతూనే ఉంది.

"అయ్యా, అది నాదండి!" అన్నాడు బావ.

"ప్రస్తుతానికి ప్రభుత్వానిది," అని చీటీ పీకేసి, అక్కడే సినిమా ఎక్కించుకుని పీఏ లోపలికి పరిగెత్తాడు.

బావ ముఖం వెలిగింది. "లోపలికి వెళ్లిందిరా! పద!" అని నన్ను లాక్కుపోయాడు.

హాల్లో కంప్యూటర్ సీలు పగలగొట్టారు. మేడమ్ అడ్డం వచ్చింది. "పరీక్షించకుండా పెట్టకూడదండీ. పైగా ఆటోరన్ ఆపేశాం. మంత్రిగారు ఒకసారి నొక్కాలి."

"మంత్రిగారు నొక్కరు. ప్రారంభిస్తారు," అన్నాడు పీఏ. "ఆయన చెయ్యి తగలగానే దానంతటది వెలగాలి. అందులో ఉన్నదంతా వరసగా రావాలి."

"దాన్నే కదండీ నిషేధించింది?"

"నిషేధించింది ఎవరు? ఆయనే! ఆయనకి ఆయనే అడ్డమా?"

మేడమ్ గోనెసంచిలోంచి మౌసు తెచ్చి, ఆటోరన్‌ని మళ్లీ పెట్టి పక్కకి తప్పుకుంది. మంత్రిగారు డ్రైవ్ పెట్టారు. తెర దానంతటది వెలిగింది. చప్పట్లు. సినిమాలో మంత్రిగారు పసిపిల్లని ఎత్తుకున్నారు, ముసలమ్మకి రోడ్డు దాటించారు, చివరికి గుండెల మీద చెయ్యి వేసుకుని, "నా లోపల ఏముందో ఈ ప్రజలకి తెలుసు," అన్నారు.

వెంటనే తెర మీద ఒక మనిషి లోపలంతా కనిపించింది. బూడిదరంగు పొట్ట, వెన్నెముక, ఒక పక్కన తెల్లగా మెరుస్తూ చుక్క. మూల చిన్న అక్షరాల్లో బావ పేరు ఉండే ఉంటుంది, అక్కడికి పార్టీ జెండా అడ్డమొచ్చింది.

రెండో వరసలోంచి సర్జన్ గారు లేచి నిలబడ్డారు. "రాయి! కుడి కిడ్నీలో! బాగా పెద్దది!"

ముందు వరసలో ఒక కార్యకర్త బావురుమన్నాడు. "అన్నా! ఇంత బాధ కడుపులో పెట్టుకుని మా కోసం తిరుగుతున్నావా అన్నా!"

మంత్రిగారు తెర వైపు చూశారు. ఏడుస్తున్నవాళ్ల వైపు చూశారు. కెమెరాల వైపు ఇంకాస్త ఎక్కువసేపు చూశారు. మెల్లగా ఎడమ నడుం మీద చెయ్యి వేసుకున్నారు. సూపరింటెండెంట్ గారు ఆ చేతిని మర్యాదగా కుడి వైపుకి జరిపారు.

"చెప్పకూడదనుకున్నాను," అన్నారు మంత్రిగారు.

"అది నాదండీ! ఆ రాయి నాది!" అని బావ అరిచాడు.

"నీ ఒక్కడిదేనా? అన్న బాధ మనందరిదీనయ్యా!" అని పక్కనున్నవాళ్లు బావని కౌగిలించుకుని ఏడ్చారు.

సాయంత్రానికి స్కాన్ మంత్రిగారి పేరున ఆసుపత్రి రికార్డుల్లోకి ఎక్కింది. డ్రైవ్‌ని భద్రతా కారణాల రీత్యా బీరువాలో పెట్టారు. ఆపరేషన్ ఎన్నికలయ్యాక చేయించుకుంటానని, అంతవరకూ ప్రజల కోసం నొప్పి భరిస్తానని మంత్రిగారు టీవీలో చెప్పారు. సూపరింటెండెంట్ గారు మమ్మల్ని పిలిచి బావ చెయ్యి ఊపారు.

"అభినందనలు. నీలో రాయి ఉన్నట్టు మా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఇంటికెళ్లొచ్చు."

"నొప్పి వస్తోంది కదండీ!"

"ఆ నొప్పి మంత్రిగారిది. ఇలాంటి సమయంలో పుకార్లు పుట్టించకూడదు."

అక్క నోరు తెరవబోయింది. నేనే ఆపాను. గేటు దాకా వచ్చేసరికి నొప్పి మెలిపెట్టేసింది. బావ కుప్పకూలి పొర్లాడాడు. మంత్రిగారి ఆరోగ్యం కోసం అక్కడ చేరిన జనం చుట్టూ మూగారు. ఫొటోలు తీశారు.

మర్నాడు పేపర్లో మొదటి పేజీలో బావ ఫొటో పడింది. కింద 'మంత్రిగారి కిడ్నీ వార్త విని తట్టుకోలేకపోయిన అభిమాని' అని రాశారు. బావ ముఖంలో బాధ చాలా సహజంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు.

ఆ సాయంత్రమే ఇద్దరు కార్యకర్తలు ఇంటికి వచ్చారు. బావ మంచం మీద ముడుచుకుని పడుకుని ఉన్నాడు.

"రేపు పొద్దున కూడా గేటు దగ్గరికి రావాలి బాబాయ్. టీవీ వాళ్లందరూ వస్తున్నారు. నిన్నటిలాగే కుప్పకూలాలి," అన్నాడు పెద్దవాడు.

"ఆ సమయానికి నొప్పి వస్తుందో రాదో నాయనా," అన్నాడు బావ, పళ్లు బిగబట్టి.

"రాకపోతే ఏం బాబాయ్? అన్నకి మాత్రం వస్తోందా?"